ఊరి కుటుంబాల ఫొటోలు: విదేశీ బడుల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లే టీచర్లకు సమగ్ర మార్గదర్శి

"బయటి దేశంలో ఓ ఊరి బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తున్నాను. అక్కడి కుటుంబాలకూ పిల్లలకూ మంచి ఫొటోలు తీసివ్వాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?" బెంగళూరులో తోటి టీచర్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే రెండోది వస్తుంది: "ఏ లెన్స్ కొనమంటారు?" లెన్స్ సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. అసలు పని మిగతాదంతా.

నేను టాంజానియాలో, అరూషా దగ్గర మేరు పర్వతం కింద ఉన్న ఓ ఊళ్లో రెండేళ్లు లెక్కలు చెప్పాను. శనాదివారాల్లో కెమెరా పట్టుకుని ఇళ్లకు వెళ్లేదాన్ని. ఇక్కడి ఉదాహరణలన్నీ అక్కడివే. మీరు నేపాల్ వెళ్లినా లావోస్ వెళ్లినా మాటలు మారతాయి గానీ పని వరుస మారదు.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఆ ఫొటో మొదట చేరాల్సింది వాళ్ల గోడ మీదికి, మీ ఫోన్‌లోకి తర్వాత. ఎక్కడ సందేహం వచ్చినా "దీన్ని వీళ్లు గోడకు తగిలించుకుంటారా?" అని అడిగి చూసుకోండి. సగం సందేహాలు అక్కడే తీరతాయి.

## 1. బెంగళూరులోనే రెండు నెలల సాధన

విమానం దిగాక కెమెరా నేర్చుకుందామనుకోవద్దు. మీ వీధిలోనే మొదలుపెట్టండి.

మా వీధిలో ఇస్త్రీ బండి నడిపే అన్నది మదనపల్లె. మొదట ఆయన్ని బండి దగ్గరే తీశాను. బొగ్గుల పెట్టె, పైకి లేస్తున్న ఆవిరి, నుదుటి మీద చెమట. ఫొటో బ్రహ్మాండంగా వచ్చిందని నేను మురిసిపోతుంటే ఆయన చూసి, "ఇదేంది మేడమ్, చెమటలు కారతా ఉండాను. ఆదివారం ఇంటికి రాండి, చొక్కా మార్చుకుంటా" అన్నారు. ఆదివారం వెళ్తే భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు, అందరూ తలలు దువ్వుకుని కూర్చుని ఉన్నారు. నాకు నచ్చిన ఫొటో వేరు, వాళ్లకు కావాల్సిన ఫొటో వేరు అని నాకు తెలిసింది ఆ రోజే.

వెళ్లేలోపు ఇవన్నీ కనీసం మూడేసి సార్లు చేయండి:

- ఇంటి గుమ్మం లోపల ఒక మనిషి ఫొటో, ఫ్లాష్ లేకుండా.
- ఆరుగురున్న కుటుంబం ఫొటో, అందరి కళ్లూ తెరుచుకుని ఉండాలి.
- రెండేళ్ల పిల్ల ఫొటో, నవ్వించడానికి చప్పట్లు కొట్టకుండా.
- మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక ఫొటో.
- తీసిన ప్రతిదీ ప్రింట్ వేయించి వాళ్ల చేతికివ్వడం, ఇచ్చినప్పుడు వాళ్లు మొదట ఏం చూస్తున్నారో గమనించడం.

నాలుగోదానికి బెంగళూరులో ఏప్రిల్ మంచి నెల. ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకు నీడే పడదు. భూమధ్యరేఖ దగ్గరి ఊళ్లలో ఏడాదంతా దాదాపు అదే పరిస్థితి. కళ్ల కింద నల్లటి గుంటలు ఎలా పడతాయో మేడ మీద ఒక్కసారి చూస్తే చాలు, మధ్యాహ్నం కెమెరా బయటికి తీయాలనిపించదు.

## 2. సామాను

దీని మీద ఎక్కువసేపు కూర్చోను. ఒక కెమెరా, 50 మి.మీ. లెన్స్ ఒకటి (చిన్న సెన్సర్ కెమెరా అయితే 35 మి.మీ.), రెండు బ్యాటరీలు, నాలుగు మెమరీ కార్డులు. జూమ్ లెన్స్ ఇంట్లో పెట్టి వెళ్లండి. దూరం నుంచి తీయగలిగితే దూరంగానే ఉండిపోతాం.

ఇవి మాత్రం తప్పకుండా సర్దుకోండి:

- ప్రింటర్. పోస్ట్‌కార్డు సైజు ప్రింట్లు వేసే చిన్న ప్రింటర్. క్యానన్ వాళ్లు దానికి సెల్ఫీ అని పేరు పెట్టారు. నవ్వొస్తుంది గానీ మంచి సరుకు. పైన పల్చటి పొర వేసి ఇస్తుంది కాబట్టి తడి చెయ్యి తగిలినా ప్రింట్ చెడిపోదు.
- ఇన్‌స్టంట్ కెమెరా. ఇన్‌స్టాక్స్ మినీ లాంటిది ఉంటే మంచిదే. కానీ బొమ్మ 62×46 మి.మీ. మాత్రమే, పర్సులోకి సరిపోతుంది, గోడకు చాలదు. దాని ఫిల్మును చెక్-ఇన్ బ్యాగులో పెట్టొద్దు, స్కానర్ కిరణాలకు పాడవుతుంది.
- తెల్ల పంచె. ఎండకు అడ్డం పట్టడానికి ఇంతకు మించిన సాధనం లేదు. ఉతుక్కోవచ్చు, మడిచి పెట్టుకోవచ్చు, అవసరమైతే కప్పుకోవచ్చు కూడా.
- పలక, సుద్దముక్కలు, హాజరు పట్టీ రిజిస్టర్. ఎందుకో 8వ అడుగులో చెబుతాను. రిజిస్టర్ అవెన్యూ రోడ్డులో కొనండి, గట్టి అట్టవేసినది.
- ప్లగ్ అడాప్టర్. టాంజానియాలో ఎక్కువగా కనిపించేది మూడు చదరపు పుల్లల ప్లగ్.
- బ్రౌన్ కవర్లు. టాంజానియాలో 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. ప్రింట్లను క్యారీబ్యాగుల్లో చుట్టుకుని దిగితే విమానాశ్రయంలోనే వదిలేయాలి.

విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో ఒప్పుకోరు. కెమెరా ఖరీదైనదైతే బయల్దేరేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు "ఇది అక్కడ కొన్నదా?" అనే టెన్షన్ ఉండదు. దానికి ఓ గంట ముందే వెళ్లాలి.

## 3. అనుమతి: ఎవరిని, ఏ వరుసలో, ఎక్కడ

చాలామంది తొందరపడి దాటేసేది ఈ అడుగునే. మీరు ఇక్కడే ఎక్కువసేపు ఆగండి.

టీచరుకు ఒక చిక్కుంది. బయటి నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్‌కు ఊరివాళ్లు "వద్దు" అని చెప్పగలరు, టీచరుకు చెప్పలేరు. మీ చేతిలో వాళ్ల పిల్లల మార్కులున్నాయి. తరగతిలో నిలబడి "ఎవరెవరికి ఫొటో కావాలి?" అని అడిగితే నలభై చేతులు లేస్తాయి. అది ఒప్పుకోవడం కాదు, బడి అలవాటు. కాబట్టి బడిలో అడగొద్దు. పిల్లల్ని అసలే అడగొద్దు, ముందుగా పెద్దల్ని ఇంటి దగ్గర అడగండి.

వరుస ఇది:

1. ప్రధానోపాధ్యాయుడు. అక్కడ మ్వాలిము మ్‌కూ అంటారు. ఆయనకు చెప్పకుండా ఒక్క ఫొటో కూడా తీయొద్దు.
2. ఊరి అధికారి, ఊరి పెద్ద. మ్‌తెండాజి, మ్వెన్యెకిటి. ఇద్దరినీ కలవండి. ఒకరిని కలిసి రెండోవారిని వదిలేస్తే వచ్చే తంటాలు మన పల్లెల్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.
3. ఇంటి పెద్ద. తండ్రి ఒప్పుకున్నా తల్లి ముఖం చూడండి.
4. చివరగా పిల్ల. అమ్మానాన్నలు ఒప్పుకున్నా పిల్ల వద్దంటే వద్దు.

గుమ్మం దగ్గర "హోదీ" అని పిలవాలి. లోపల్నుంచి "కరీబు" అన్నాకే అడుగు పెట్టాలి. పెద్దవాళ్లకు "షికామో" అంటే వాళ్లు "మరహబా" అంటారు. ఈ రెండూ రాకుండా కెమెరా తీస్తే మీరెంత మంచివారైనా మర్యాద తెలియనివారే. ఆ తర్వాత "నాఓంబా కుపిగా పిచా?", అంటే ఫొటో తీసుకోవచ్చా అని. ఫొటోను పిచా అంటారు. మొదటి వారమంతా నన్నెవరో పిచ్చిదంటున్నారేమో అనిపించేది.

మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరా సంచిలోనే ఉండాలి. బెంగళూరులో తీసిన మీ ఇంటివాళ్ల ప్రింట్లు నాలుగు చూపించండి. "ఇలాంటిది తీసి, ఇంత సైజు కాగితం మీద మీకిస్తాను, డబ్బులక్కర్లేదు" అని చెప్పి లేచి వచ్చేయండి. జవాబు మరుసటి వారం తీసుకోండి.

"చూద్దాంలెండి" అంటే మన దగ్గర అర్థమేమిటో మీకు తెలుసు. అక్కడా అంతే. రెండోసారి అడగొద్దు.

ఒప్పుకున్నవాళ్లను మూడు ప్రశ్నలు విడివిడిగా అడిగి రాసుకోండి:

- ఫొటో తీయవచ్చా?
- మా ఊళ్లో మా ఇంటివాళ్లకు చూపించవచ్చా?
- ఇంటర్నెట్‌లో, ప్రదర్శనలో పెట్టవచ్చా?

మొదటిదానికి అవునంటే మిగతా రెంటికీ అవునన్నట్టు కాదు. నా రిజిస్టర్‌లో మొదటి గడి నిండా టిక్కులే, మూడో గడిలో సగం కూడా లేవు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మన పిల్లల విషయంలో కోరుకునే జాగ్రత్తే వాళ్ల పిల్లలకూ పాటించండి.

## 4. టైమ్ చెప్పడం, వెలుతురు చూసుకోవడం

ముందు గడియారం సంగతి. అక్కడివాళ్లు మాట్లాడే స్వాహిలీలో గంటల లెక్క పొద్దు పొడిచినప్పటి నుంచి మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్లకు ఒకటో గంట, మన సాయంత్రం ఐదు వాళ్లకు పదకొండో గంట. ఇది తెలియక ఒక కుటుంబానికి "శనివారం సా టానో" అని చెప్పాను. టానో అంటే ఐదు కదా, సాయంత్రం ఎండ చక్కగా ఉంటుందనుకున్నాను. వాళ్ల ఐదో గంట మన పదకొండు. తాతతో సహా తొమ్మిదిమంది ఉతికిన బట్టలేసుకుని పదకొండింటి నుంచి ఎదురుచూస్తే, నేను ఐదింటికి తీరిగ్గా వెళ్లాను. ఆ తాత ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది.

టైమ్ చెప్పేటప్పుడు అంకె కాకుండా "పొద్దు ఆ చెట్టు దగ్గరికి వచ్చినప్పుడు" అని చేత్తో చూపించండి. ఇది ఎక్కడైనా పనిచేస్తుంది.

అరూషా వైపు సూర్యుడు ఏడాదంతా ఉదయం ఆరున్నరకు అటూఇటూగా వచ్చి, సాయంత్రం ఆరున్నరకు అటూఇటూగా పోతాడు. పొద్దు గూకితే చీకటి చప్పున పడిపోతుంది. మీకు దొరికేది:

- ఉదయం 7 నుంచి 8:30
- సాయంత్రం 4:30 నుంచి 6

సాయంత్రం అయితే పెద్దవాళ్లు పొలం నుంచి వచ్చి స్నానం చేసి ఉంటారు. వెలుతురు రెండు పూటలా బాగుంటుంది గానీ మనుషులు సాయంత్రమే బాగుంటారు.

మధ్యలో తీయక తప్పకపోతే గుమ్మమే మీ స్టూడియో. మనిషిని గుమ్మానికి ఒక అడుగు లోపల నిలబెట్టండి. మీరు బయట, వీపు వెలుతురు వైపు పెట్టి నిలబడండి. ఆకాశపు వెలుతురు మెత్తగా ముఖం మీద పడుతుంది, వెనక గది చీకటిగా ఉండిపోతుంది. కళ్లల్లో చిన్న తెల్ల చుక్క కనిపిస్తే సరిగ్గా నిలబెట్టినట్టు. కనిపించకపోతే అరడుగు ముందుకు రమ్మనండి.

మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. మబ్బు పట్టిన రోజు ఫొటోలకు వరం, దారులకు శాపం. ప్రింటర్‌ను ఆ నెలల్లో ఇళ్లకు మోసుకెళ్లొద్దు.

## 5. చర్మం రంగును ఉన్నట్టుగా చూపించడం

మన స్టూడియోల్లో "కాస్త తెల్లగా వచ్చేట్టు చేయండి" అనేవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఆ అలవాటు వేళ్లలో ఉంటుంది, స్లైడర్ మీద చెయ్యి పడగానే వెలుగు పెంచేస్తాం. అక్కడ అది మానుకోవాలి.

కెమెరాకు మనిషి ముఖమేదో తెలియదు, మొత్తం ఫ్రేమును బూడిద రంగుకు దగ్గరగా తేవాలని చూస్తుంది. అందుకే:

- సున్నం కొట్టిన గోడ ముందు నిలబెడితే ముఖం నల్లగా పడిపోతుంది. ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగుగా రావాలో చెప్పే సెట్టింగు) +0.7 నుంచి +1 దాకా పెంచండి.
- చీకటి గుమ్మంలో నిలబెడితే ముఖం వెలిసిపోతుంది. −0.7 దాకా తగ్గించండి.
- ముఖం మీద మాత్రమే కొలిచే స్పాట్ మీటరింగ్ వచ్చినవాళ్లు అదే వాడండి, ముదురు ముఖమైతే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి.

హిస్టోగ్రామ్ (ఎడమ నుంచి కుడికి చీకటి, వెలుగుల పాళ్లు చూపే గ్రాఫు) ఎడమ వైపు ఒరిగి ఉంటే కంగారు పడొద్దు. ముదురు రంగు ముఖం ఉండాల్సింది అక్కడే. చూడాల్సింది నుదుటి మీద, చెంప ఎముక మీద మెరుపు పూర్తిగా తెల్లబడి పోయిందా అన్నది మాత్రమే.

వెలుతురు ఎదురుగా కాకుండా ఓ పక్క నుంచి రానివ్వండి. ముదురు చర్మానికి అందమంతా ఆ నునుపులోని మెరుపులో ఉంది, పక్క వెలుతురులో అది నిలుస్తుంది. ఫ్లాష్ కొడితే అది జిడ్డులా కనిపిస్తుంది. రెండో పక్కకు తెల్ల పంచెను ఎవరితోనైనా పట్టించండి, నీడ తేలికవుతుంది.

ఇంకో ఇబ్బంది ఎవరూ ముందు చెప్పరు. మేరు కింద ఊళ్లన్నీ అరటి తోటలే. తోటలో నిలబెడితే ఆకుల పచ్చదనం ముఖం మీద పడి మనిషి జబ్బుపడినట్టు కనిపిస్తాడు. ఎర్రమట్టి వాకిట్లో గడ్డం కింద ఎరుపు కొడుతుంది. ప్రతి చోటా మొదటి ఫ్రేములో ఒక తెల్ల కాగితం పట్టించి తీయండి, తర్వాత రంగు సరిచేయడానికి అదే ఆధారం.

## 6. కుటుంబాన్ని నిలబెట్టడం

మీరు నిలబెట్టొద్దు. "మీరెలా నిలబడతారు?" అని అడిగి రెండు నిమిషాలు ఆగండి. ఎవరు కూర్చుంటారు, ఎవరి పక్కన ఎవరు, చంటిపిల్ల ఎవరి ఒళ్లో, ఇవన్నీ ఆ ఇంటికి తెలిసిన లెక్కలు. వాళ్లు కుదురుకున్నాక మీరు చేసే మార్పులు మూడే:

1. పెద్దవాళ్లకు కుర్చీ వేయించండి, వెనక వరుసవాళ్లు కుర్చీకి ఆనుకునేంత దగ్గరగా రావాలి.
2. ముఖాలు ఒకదాని వెనక ఒకటి దాక్కోకుండా చూడండి.
3. చేతులు గాల్లో వేలాడకుండా భుజం మీదో, ఒళ్లోనో చోటు చూపండి.

సెట్టింగులు: ఒక్కరైతే ఎఫ్/2.8, ఇద్దరు ముగ్గురైతే ఎఫ్/4, రెండు వరుసలైతే ఎఫ్/8. ఈ ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ ముందూ వెనకా ఉన్నవాళ్లు స్పష్టంగా వస్తారు. షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గొద్దు, చంటిపిల్లలు కదులుతూనే ఉంటారు. ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ ఫొటో వచ్చేట్టు పెంచుకునే సెట్టింగు) 3200 దాకా వదిలేయండి. కాస్త గరుకు వచ్చినా ఫర్వాలేదు, కదిలిపోయిన ముఖం పనికిరాదు. ఎంతమంది ఉంటే అన్ని ఫొటోలు, పైన ఇంకో అయిదు. ఎవరో ఒకరు కన్ను మూయకుండా ఉండరు.

నవ్వమని వేధించొద్దు. మన తాతల కాలం పెళ్లి ఫొటోల్లో ఎవరు నవ్వారు? ఒక అవ్వ నిటారుగా నిలబడి, పెదవి కదపకుండా, తల నుంచి కాలి దాకా ఒంటరిగా తీయమంది. నేను ఊరుకోకుండా దగ్గర్నుంచి నవ్వే ఫొటో కూడా ఒకటి తీశాను. ఆమె పోయాక ఇంట్లో పెట్టింది నిటారుగా నిలబడిన ఫొటోనే. నా "మంచి ఫొటో" ఎక్కడుందో కూడా వాళ్లకు తెలియదు.

బట్టల విషయంలో కూడా అంతే. రోజూ కట్టుకునేవే బాగుంటాయి, సహజంగా ఉంటుంది అని మీకనిపించవచ్చు. ఆ సహజం మీకు మాత్రమే కావాలి. ఆదివారం చర్చికి వేసుకునే కోటు వేసుకుంటానంటే వేసుకోనివ్వండి. ఆడవాళ్లు కప్పుకునే కాంగా బట్ట అంచు మీద స్వాహిలీలో ఓ సామెత అచ్చు వేసి ఉంటుంది. దాన్ని చూసే కొనుక్కుంటారు, కాబట్టి ఫ్రేములో ఆ అక్షరాలు సగం తెగకుండా చూడండి. అర్థం అడిగితే సంతోషిస్తారు, ఒక్కోసారి నవ్వుతారు కూడా.

## 7. పిల్లలు

మీ కెమెరా వాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి. బకెట్ బోర్లించుకుని కూర్చోండి. పైనుంచి తీస్తే పిల్లలంతా జాలిగా కనిపిస్తారు, అలాంటి ఫొటోలు లోకంలో ఇప్పటికే చాలా ఉన్నాయి.

మొదటి పది నిమిషాలు ఫొటో తీయొద్దు. కెమెరా వాళ్ల చేతికివ్వండి, మిమ్మల్ని తీయనివ్వండి. మీ తల సగం తెగిన ఫొటో చూసి విరగబడి నవ్వాక వాళ్లు మామూలుగా నిలబడతారు.

ఇవి తీయొద్దు:

- స్నానం చేస్తున్న, బట్టలు సరిగా లేని పిల్లలు.
- ఏడుస్తున్న, జబ్బుగా ఉన్న పిల్లలు.
- మీ చుట్టూ ఇరవైమంది, మధ్యలో మీరు. ఇది తీయకుండా తిరిగొచ్చిన టీచరును నేనింకా చూడలేదు. నా దగ్గరా ఒకటుంది, ఎవరికీ చూపించను.

## 8. పలక, రిజిస్టర్, బ్యాకప్

ఇరవై ఇళ్లు దాటాక ఏ ఫొటో ఎవరిదో మీకు గుర్తుండదు. ప్రతి ఇంట్లో మొదటి ఫొటో పలకదే. సుద్దతో ఇంటి నంబరు, మనుషుల సంఖ్య రాసి తీయండి: "14 – 7". కార్డు తెరిచినప్పుడు పలక నుంచి పలక దాకా ఒక ఇల్లు.

రిజిస్టర్‌లో ఒక ఇంటికి ఒక వరస: నంబరు, తల్లి పిలుపు పేరు, ఎంతమంది, మూడు అనుమతులు, ప్రింట్ ఇచ్చిన తేదీ. అక్కడ తల్లిని పెద్ద బిడ్డ పేరుతో "మామా ఫలానా" అని పిలుస్తారు, ఇల్లు వెతకడానికి అదే సులువు. చుట్టరికాలు రాసేటప్పుడు జాగ్రత్త. స్వాహిలీలో బాబు అంటే తాత, దాదా అంటే అక్క, కాకా అంటే అన్న. "బాబు కుర్చీలో" అని రాసుకుని, నెల తర్వాత చంటిపిల్లాడి కోసం వెతికాను.

- కెమెరా గడియారం అక్కడి టైముకు మార్చండి. మనకంటే రెండున్నర గంటలు వెనక.
- తీసిన చోటును ఫొటోలో నమోదు చేసే జీపీఎస్ ఆపేయండి.
- ఆ రాత్రే రెండు చోట్లకు కాపీ చేయండి, రెండూ ఒకే సంచిలో పెట్టొద్దు.
- రెండు చోట్లా తెరుచుకున్నాకే కార్డు చెరపండి.

## 9. ప్రింట్లు పంచడం

ఇంటికి ఒకటి, ఒకే సైజు, అందరికీ. పోస్ట్‌కార్డు సైజుకు 1200×1800 పిక్సెళ్లుంటే చాలు. ఊరి పెద్దకు పెద్ద సైజు ఇవ్వాలనిపిస్తుంది, ఇవ్వొద్దు.

దారిలో పిల్లలకు ఇవ్వొద్దు. మొదటి వారం ఇన్‌స్టంట్ ఫొటో ఒకటి దారిలో ఒక పిల్లాడికిచ్చాను. పావుగంటలో అది నాలుగు ముక్కలైంది, ఇద్దరు ఏడుస్తూ ఇంటికెళ్లారు, మర్నాడు బడి గేటు దగ్గర నలభైమంది. ప్రింట్ ఎప్పుడూ ఇంటికి, కవర్లో, పెద్దవాళ్ల చేతికి.

వెనక తేదీ పెన్సిల్‌తో రాయండి. బాల్ పెన్ను ముందు వైపు గీత పడేస్తుంది.

డబ్బులు తీసుకోవద్దు, ఇవ్వనూ వద్దు. కోడిగుడ్లో, అరటి గెలో పెడతారు. అవి తీసుకోండి.

## 10. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

ముఖాలు గోడలో కలిసిపోయాయి. మనుషుల్ని గోడకు ఆనించి నిలబెట్టారు. నాలుగడుగులు ముందుకు తీసుకురండి.

అందరూ కళ్లు చికిలించారు. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. గుంపును వెనక్కి తిప్పి, ముఖాల మీద కొలిచి తీయండి.

వెనక వరుస మసక. ఎఫ్ నంబరు తక్కువ పెట్టారు. ఎఫ్/8 పెట్టి, ముందు వరుస కళ్ల మీద ఫోకస్ చేయండి.

ఒక ఇల్లు వదిలేశారు, అలిగారు. ఇది మసక ఫొటో కంటే పెద్ద తప్పు. ప్రతి వాడలో చివరి ఇల్లు అయ్యాక ఊరివాళ్లెవరినైనా వెంటబెట్టుకుని ఒక చుట్టు తిరిగి, "ఎవరైనా మిగిలారా?" అని అడగండి.

ఫొటో నచ్చలేదన్నారు. వాదించొద్దు. మళ్లీ తీయండి. పాతది వాళ్ల ఎదుటే చెరపండి.

## 11. బెంగళూరు తిరిగొచ్చాక

మొదటి వారం ఎక్కడా పెట్టొద్దు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫొటో పడితే సాయంత్రానికి "పాపం, పేద పిల్లలు" అనే మాట తగిలించుకుని మీకే తిరిగొస్తుంది. అక్కడి పిల్లలెవరూ తమను పాపం అనుకోవడం లేదు.

చూపించేవి మూడో గడిలో టిక్కు ఉన్నవే. ఊరి పేరు, బడి పేరు, యూనిఫాం మీది బ్యాడ్జీ కనిపించకూడదు. పిల్లల అసలు పేర్లు రాయకూడదు. చిత్రకళా పరిషత్తులాంటి చోట ప్రదర్శన పెట్టాలనుకుంటే మళ్లీ అడగండి. వాట్సాప్‌లో ఆ ఫొటోనే పంపి "ఇది, ఇక్కడ, ఇంతమంది చూస్తారు" అని ప్రధానోపాధ్యాయుడి ద్వారా ఇంటివాళ్లకు చెప్పించండి.

ఇవ్వాల్సిన ప్రింట్లు ఎన్నో కొన్ని మిగిలే ఉంటాయి. ప్రయాణం రోజు దగ్గరపడ్డాక తీసినవి, ప్రింటర్ మొరాయించిన వారం తీసినవి. వాటిని నగరంలో మంచి ల్యాబులో మ్యాట్ కాగితం మీద వేయించండి, గ్లాసుకు అతుక్కోవు. ఒక్కో ఇంటికి ఒక్కో కవరు, మీద ఇంటి నంబరు, "మామా ఫలానా". అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, పైన కవర్ల జాబితా ఉంచండి.

టాంజానియాలో పోస్టుమన్ ఇంటికి వచ్చే అలవాటు పెద్దగా లేదు. ఉత్తరాలు పోస్ట్ బాక్సుకు చేరతాయి. చిరునామాలో ఎస్.ఎల్.పి. అనే మూడక్షరాల పక్కన బడి బాక్సు నంబరు రాయాలి, వెళ్లే ముందే అడిగి రాసి తెచ్చుకోండి. విధానసౌధ దగ్గరి జీపీఓలో విదేశీ పార్సెల్ కట్టి, కస్టమ్స్ కాగితం మీద "కుటుంబ ఫొటోలు, అమ్మకానికి కాదు" అని ఇంగ్లీషులో రాసివ్వండి. ట్రాకింగ్ రసీదు రిజిస్టర్‌లోనే అంటించండి.

వారాలు పడుతుంది. బడి నుంచి అందాయని కబురు వచ్చాకే ఇచ్చిన తేదీ గడి నింపండి. నా రిజిస్టర్‌లో ఇంకా రెండు గడులు ఖాళీ: 31, 46. రెండు కుటుంబాలూ ఊరు మారాయట. వాటి కవర్లు ప్రధానోపాధ్యాయుడి బీరువాలో ఉన్నాయి.